మా ఇంట్లో లేని స్తంభం

కిందటి వేసవిలో కెజియా తాడేపల్లిగూడెం నుంచి వస్తూ పాత దుప్పటిలో చుట్టిన పటం ఒకటి తెచ్చి నా మంచానికి ఆనించి పెట్టింది. గూడెంలో వాళ్ళ పాతిల్లు అమ్మేశారట. సామాను తలా కాస్తా పంచుకున్నారట. ఇదొక్కటే ఎవరికీ అక్కర్లేకపోయిందని చెప్పింది. అక్కర్లేనివన్నీ చివరికి నా దగ్గరికే రావడం మా వాళ్ళలో కొత్తేమీ కాదు. దుప్పటి విప్పి, చీరచెంగుతో అద్దం తుడిచి, "మా తాతమ్మ పటం చిన్నమ్మమ్మా. మీకు పెద్దమ్మ కదా, మీ దగ్గర ఉంటే బాగుంటుందని తెచ్చాను" అంది. నేను చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, ఇంకొకసారి చెప్పమన్నాను. చెవుడనుకుని గట్టిగా చెప్పింది. చెవుడు కాదు. ఆ మాట వినాలని నేను చిన్నప్పటి నుంచీ ఎదురు చూస్తున్నాను.

కెజియా మా పెద్దమ్మ సుశీలమ్మకి మునిమనవరాలు. పెద్దమ్మ కూతురు రూతక్కకి మనవరాలు. విజయవాడలో మెదడు డాక్టరు. ఆ కొమ్మలో నన్ను చూడటానికి వచ్చేది ఇదొక్కతే. తను తెచ్చిన పటం మా అమ్మ పటమని చెప్పి మా వాళ్ళు గీయించింది. మా నాన్నగారి ఇంట్లో గోడకి వేలాడింది. నాన్నగారు పోయాక రూతక్క గూడెం పట్టుకుపోయింది. నన్ను ఒక్క మాట అడగలేదు. అందులో ఉన్నది మా అమ్మ కాదనీ పెద్దమ్మేననీ నేను మొట్టమొదట అన్నప్పుడు నాకు చెంపదెబ్బ పడింది. ఇప్పుడు ఆ ఇంటి పిల్లే, ఎవరూ చెప్పకుండా, పటం చూసి మా తాతమ్మ అంటోంది. అనదా మరి. గడ్డం మధ్యలో నొక్కు పటంలో ఎలా ఉందో కెజియా గడ్డానికీ అలాగే ఉంది. ఆ నొక్కు పెద్దమ్మ నుంచి దిగుతూ వచ్చింది. మా అమ్మకి లేదు.

మేము అప్పట్లో కొల్లేటి లంక మీద ఉండేవాళ్ళం. నాన్నగారు మిషను స్కూల్లో మేస్టారు. అమ్మ ఏలూరు ట్రైనింగు స్కూల్లో చదివి వచ్చి అదే బడిలో చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించేది. తాటాకు ఇల్లు, మట్టి గోడలు, ముందు చిన్న అరుగు. వానాకాలంలో నీళ్ళు అరుగు దాకా వచ్చి ఆగేవి. బడికి పిల్లలు తాటి దోనెల మీద వచ్చేవాళ్ళు. తెల్లారేసరికి అమ్మ లాంతరు చిమ్నీ ముగ్గుపిండితో తోమి ఎండలో బోర్లించేది. నాన్నగారు వాక్యం చదివి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాకే పొయ్యి మీద నుంచి గిన్నె దిగేది. చేపలవాళ్ళు కొరమీను తెస్తే అమ్మ దాన్ని బూడిదలో దొర్లించి, పట్టు జారకుండా పీట మీద ఒత్తి పట్టి రుద్దేది. ఎంత కడిగినా ఆమె చేతులకి బూడిద, చింతపండు, నానిన తుంగ కలిసిన వాసన ఉండేది. మధ్యాహ్నాలు తుంగచాప అల్లుతూ నాకు ఎక్కాలు చెప్పించేది. తప్పు చెబితే తిట్టేది కాదు, అల్లిక ఆపేది. చప్పుడు ఆగిందంటే తప్పని నాకు తెలిసిపోయేది. ఆ చప్పుడు నాకిప్పటికీ తెలుసు. తుంగ పుల్ల పుల్లని ఒరుసుకునే చప్పుడు, దాని మధ్యలో ఆమె గొంతు. మా నాన్నగారి గొంతూ, పెద్దమ్మ గొంతూ కూడా ఉన్నాయి, అక్కర్లేకపోయినా.

మొహం మాత్రం లేదు. అమ్మది అనే కాదు, ఎవరిదీ లేదు. కళ్ళు మూస్తే నాకు కనపడేది చీకటి. ఊళ్ళో అందరికీ అంతేననుకునేదాన్ని. పాస్టరుగారు ఆదివారం కళ్ళు మూసుకుని సిలువను చూడండి అంటే నేను గట్టిగా మూసి చీకట్లోకి చూసేదాన్ని, పక్కన పెద్దవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకుంటుంటే చీకటిని చూసి అంత ఏడుపు ఎందుకా అని ఆశ్చర్యపోయేదాన్ని. భక్తి అంటే అదేనేమో, నాకు ఇంకా రాలేదేమో అనుకున్నాను.

అమ్మ వరదలు వచ్చిన ఏడు జ్వరంతో పోయింది. లంకలో డాక్టరు లేడు, కైకలూరు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. ఆమె ఫొటో ఒక్కటీ మా ఇంట్లో లేదు. ఆ తర్వాత పెద్దమ్మ గూడెం నుంచి నెలకోసారి వచ్చేది. పెదనాన్నగారు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఆమె నడుముకి తాళాల గుత్తి, నోట్లో వక్క, ఎప్పుడూ ఒక చెయ్యి పని చేస్తుంటే ఇంకో చెయ్యి ఆజ్ఞాపిస్తుండేది. నా తలలో పేలు తీసింది, గౌనులు కుట్టించింది, కాదనను. కానీ చేపలపులుసు వడ్డించేటప్పుడు తలకాయ ముక్క రూతక్కకీ తోక ముక్క నాకూ వేసేది. అమ్మ ఉండగా నాకు నడుం ముక్క, అదీ ముళ్ళు తీసి, పడేది. ఇది చిన్న విషయమనీ ఇన్నాళ్ళు మోయక్కర్లేదనీ మా వాళ్ళు అంటారు. తోక ముక్కలు తిన్నది వాళ్ళు కాదు.

అమ్మ పోయి ఏడాది నిండబోతుండగా, పటం లేకుండా జ్ఞాపకార్థ కూడిక ఎలా పెడతామని పెద్దమ్మే పట్టుబట్టింది. ఏలూరులో మస్తాన్ గారని నాటకాల తెరలు వేసే ఆయన ఉండేవారు. ఫొటో లేని చనిపోయినవాళ్ళ బొమ్మలు ఇంట్లోవాళ్ళు చెబితే విని వేస్తారని పేరు. నాన్నగారు, పెద్దమ్మ, అమ్మమ్మ, రూతక్క, నేను పడవలో కొల్లేరు దాటి, బండి కట్టించుకుని ఏలూరు వెళ్ళాం. కాలవ పక్కన పెద్ద రేకుల షెడ్డు. లోపల టర్పెంటైను వాసన, పైనుంచి దిగిన తెరలు. ఒకదాని మీద అడవి, ఒకదాని మీద వీధి, ఒకదాని మీద స్తంభాల రాజభవనం. నేను అడవి తెర ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఎదురుగా లేని అడవిని ఆయన ఎక్కడ చూసి వేశారో నాకు అర్థం కాలేదు. అడిగితే ఆయన నవ్వి, తలలో అని కణతకి వేలు ఆనించారు. అబద్ధమనుకున్నాను.

ఆయన పని పద్ధతి వేరు. ఇంట్లోవాళ్ళనందరినీ కలిపి కూర్చోబెట్టేవారు కాదు. ఒకరి మాట ఇంకొకరి మాటని తినేస్తుందని ఒక్కొక్కరినే రాజభవనం తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని పోయిన మనిషిని చూస్తూ చెప్పమనేవారు. ఆయన బొగ్గుతో గీసుకునేవారు. మిగతావాళ్ళం తెరకి అవతల కూర్చోవాలి. తెర బట్టే గనక మాటలన్నీ వినపడేవి. ఆ సంగతి ఆయనకి తట్టలేదో, తట్టినా షెడ్డులో వేరే చోటు లేకో. నాన్నగారు గుండ్రటి మొహమన్నారు. అమ్మమ్మ కోల మొహమంది. పెద్దమ్మ, నా మొహమే అనుకోండి, రెండు పాళ్ళు నలుపు తక్కువ అంది. ముగ్గురూ ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తున్నంత ధీమాగా చెప్పారు. ముగ్గురూ ఏడ్చారు. తర్వాత నన్ను పిలిచారు.

"కళ్ళు మూసుకో తల్లీ. అమ్మ వస్తారు. చూసి నాకు చెప్పు."

మూశాను. చాలాసేపు మూశాను. బొగ్గు చప్పుడు లేదు, ఆయన ఆగి ఉన్నారు.

"ఏమీ కనపడట్లేదండీ."

"తొందర లేదమ్మా."

"నల్లగా ఉందండీ. ఎప్పుడూ అంతేనండీ."

తెర వెనక నుంచి పెద్దమ్మ గొంతు, ఎవరితోనో చెబుతున్నట్టు నెమ్మదిగానే, నాకు వినపడేటంత నెమ్మదిగా: "ఏడాది తిరగలేదు. కన్నతల్లి మొహం మర్చిపోయింది. రాతి పిల్ల." రూతక్క కిసుక్కున నవ్వింది. నాన్నగారు కూడా అక్కడే ఉన్నారు. ఆయన గొంతు వినపడుతుందేమోనని నేను కళ్ళు మూసుకునే ఆగాను. వినపడలేదు.

అప్పటిదాకా అందరికీ చీకటేననుకున్నదాన్ని, ఆ స్టూలు మీద కూర్చుని కొత్త సంగతి నేర్చుకున్నాను. ప్రేమ ఉన్నవాళ్ళకి కనపడుతుంది, నాకు లేదు గనక కనపడదు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. "కనపడదు గానీ తెలుసండీ" అన్నాను. కనపడకుండా ఎలా తెలుస్తుందని మస్తాన్ గారు వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగారు. తెలిసినవి చెప్పాను. కుడి కనుబొమ మధ్యలో తెగి ఉంటుంది, చిన్నప్పుడు తెడ్డు తగిలింది, అక్కడ వెంట్రుకలు మొలవవు. ఎడమ చెవి తమ్మె సాగి ఉంటుంది, ఆ పక్క దుద్దు కిందకి వేలాడుతుంది. పైన ముందు పన్ను పక్కదాని మీదకి ఎక్కి ఉంటుంది, అందుకే నవ్వేటప్పుడు పెదవి మూస్తుంది. ఆయన బొగ్గు మళ్ళీ కదిలింది. నేను బయటికి వచ్చాక పెద్దమ్మ లోపలికి వెళ్ళి, కూడికకి పదిమందీ చూసే పటంలో గాట్లూ వంకరలూ ఎందుకండీ, తీసేయండి అని చెప్పింది. అదీ వినపడింది.

ముగ్గురు చెప్పిన మూడు మొహాలూ కలవక మస్తాన్ గారు చివరికి, రక్తసంబంధీకులు ఎవరైనా కూర్చుంటే పోలిక తేలిక అన్నారు. ఆయన తప్పేమీ లేదు, బొమ్మ పూర్తి కావాలి కదా. పెద్దమ్మ అమ్మ నీలంచు తెల్లచీర వెంట తెచ్చే ఉంచింది. అది కట్టుకుని రాజభవనం తెర ముందు కూర్చుంది. పటం లంకకి వచ్చిన రోజు కాగితం విప్పగానే ఇల్లంతా ఒక్కసారి ఏడ్చింది. అచ్చం ఎస్తేరమ్మే, అచ్చం ఎస్తేరమ్మే అని వచ్చిన ప్రతివాళ్ళూ అమ్మ పేరు తలిచారు. నీలంచు చీర, తిన్నగా గీసినట్టున్న కనుబొమలు, సమానంగా వేలాడే దుద్దులు, గడ్డం మీద నొక్కు, వెనక ఒక స్తంభం. నేను, "ఇది పెద్దమ్మండీ" అన్నాను. కొట్టింది అమ్మమ్మ. ఆమె మీద నాకంత కోపం లేదు, కూతురు పోయిన మనిషి. నాన్నగారు పటాన్ని రెండు చేతులతో పట్టుకుని మేకు ఎక్కడ కొట్టాలా అని గోడ చూస్తూ ఉండిపోయారు.

ఆ తర్వాత రాయి అన్న పేరు నాకు ఉండిపోయింది. రూతక్క పెళ్ళయ్యాక కూడా అలాగే పిలిచింది. పిలిచి, సరదాకే కదే అనేది. నేను పెద్దయి, చదివి, ఏలూరులోనే టీచరునై, నా కళ్ళ ముందు కదలాడుతోంది లాంటి మాటలు జనం మాటవరసకి అంటారు కాబోలని సర్దిచెప్పుకున్నాను. ఎవరికీ నిజంగా ఏమీ కనపడదు, మా పెద్దమ్మ మాత్రం నన్ను దెబ్బ కొట్టడానికి ఆ మాటవరసని వాడుకుంది, అంతే అని. ఆ లెక్కతో చాలా ఏళ్ళు హాయిగానే గడిపాను.

ఆ హాయి నాన్నగారు చెడగొట్టారు. చివరి రోజుల్లో ఆయన నా దగ్గరే ఉన్నారు. శుక్లాలు ముదిరి చూపు పోయింది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఇప్పుడు మీ అమ్మ ఎంత స్పష్టంగా కనపడుతుందో తెలుసా అన్నారు. ఎలా కనపడుతోందని అడిగాను. నీలంచు చీరలో, స్తంభం పక్కన నిలబడి, గీత గీసినట్టు కనుబొమలు అన్నారు.

"మన ఇంట్లో స్తంభం ఎక్కడిది నాన్నగారూ?"

ఆయన మొహం నావైపు తిప్పి, "ఉండే ఉంటుందమ్మా" అన్నారు.

కనుబొమ మీద తెడ్డు గాటు గుర్తుందా అని అడిగాను. గాటేమిటమ్మా అన్నారు. ఆయనతో అమ్మ కాపురం చేసింది, ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింది. నేను కోపంగా లోపలికి లేచి వెళ్ళాను. ఆ కోపం కింద భయం ఉందని తర్వాత తెలిసింది. అమ్మమ్మ పోయింది, నాన్నగారికి గుర్తు లేదు, పెద్దమ్మ ఎలాగూ ఒప్పుకోదు. ఆ గాటు ఉందని చెప్పే మనిషిని లోకంలో నేనొక్కదాన్నే మిగిలాను, నాకేమో ఏమీ కనపడదు. బొమ్మ లేని తెలివిని నమ్మడం ఎలా. ఆ దుద్దు, ఆ పన్ను, ఆ గాటు పెద్దమ్మ మీద కక్షతో నేనే అల్లుకున్నానేమో. ఈ అనుమానం నేను ఎవరికీ చెప్పలేదు. ఆ అనుమానం నిజమైతే, అమ్మకి సంబంధించి నా దగ్గర మిగిలేది ఒక తుంగచాప చప్పుడు.

అదంతా ఆ వేసవి మధ్యాహ్నం కెజియాకి చెప్పాను. వాళ్ళ తాతమ్మని అన్ని మాటలు అన్నా ఆ పిల్ల అడ్డు రాలేదు. అంతా విని, "మామిడిపండు తలుచుకోండి చిన్నమ్మమ్మా. ఏం రంగు?" అంది. పసుపు అన్నాను. కనపడుతోందా అంది. కనపడటమేమిటే, పసుపని తెలుసు అన్నాను. తను కళ్ళు మూసుకుని, తనకి పండు కనపడుతోందనీ, తొడిమ దగ్గర కాస్త ఆకుపచ్చ ఉందనీ, కావాలంటే తిప్పి వెనకవైపు కూడా చూడగలననీ చెప్పింది. ప్రమాణం చెయ్యమన్నాను. చేసింది. అంటే జనానికి నిజంగానే కనపడుతుందన్న మాట. ఇన్నేళ్ళు వచ్చాక నాకు ఆ సంగతి తెలిసింది.

ఆ రోజు నేను ఆ పిల్లని వదల్లేదు. చూడటమనేది కంట్లో మొదలై తల వెనకభాగంలో పూర్తవుతుందట. తలుచుకునేటప్పుడు దారి తిరగబడుతుందట. ముందుభాగం కబురు పంపితే, కన్ను చూడకపోయినా, ఆ వెనకభాగమే కాస్త మేలుకుని పల్చటి బొమ్మ కడుతుందట. కొందరిలో కబురు చేరదో, చేరినా బొమ్మ కట్టేంతగా అది మేలుకోదో, కారణం ఇంకా వెతుకుతున్నారట. అలాంటివాళ్ళకి సంగతులు తెలుస్తాయి, మొహాలు ఎదురుపడితే గుర్తుపడతారు, కళ్ళు మూస్తే మాత్రం చీకటేనట. అది ప్రేమకి సంబంధించింది కాదా అని అడిగాను. కాదంది. ఇంకోసారి చెప్పమన్నాను. "కాదు చిన్నమ్మమ్మా, ఎంతమాత్రం కాదు" అంది. మరి నాన్నగారి స్తంభం సంగతేమిటన్నాను. జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫొటో కాదట, తలుచుకున్న ప్రతిసారీ మళ్ళీ కట్టుకునేదట. రోజూ ఎదురుగా గోడ మీద పటం ఉంటే ఆ కట్టడంలో పటం చొరబడటం మామూలేనంది. తెలిసిన సంగతి కూడా చెడుతుంది గనక మీరు చెప్పినవన్నీ నిజమేనని మాత్రం నేను అనలేను, అని కూడా అంది. డాక్టరు కదా. నాకు అది రుచించలేదు. మరి నాకు కలలో అమ్మ కనపడేదే, కనపడిందని లేచాక తెలిసేది, బొమ్మ మాత్రం ఉండేది కాదు, అదెలా అని నిలదీశాను. కలల దారి వేరనీ, అదెలాగో పూర్తిగా మాకూ తెలీదనీ అంది. ఆ ఇంటి మనిషి ఒకరు నాకు తెలీదు అనగా వినడం అదే మొదలు.

వానలు పడ్డాక మళ్ళీ వచ్చింది. ఈసారి కైకలూరు మీదుగా. ఆ దారి ఇప్పుడు నేను చూస్తే గుర్తుపట్టలేను. దోనెలు తిరిగిన నీళ్ళన్నీ గట్లు వేసి చెరువులు చేశారు, ఐసు లారీలు తిరుగుతున్నాయి, మా లంక ఏ గట్టు వెనక ఉందో డ్రైవరుకే తెలియలేదట. చెప్పులు విప్పుతూనే, "ఇందులో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడండి" అని ఫోను నా చేతిలో పెట్టింది. ఇంకేమీ చెప్పలేదు. పాత ఫొటో. తెల్లచీరల్లో ఆడపిల్లలు మూడు వరసలు, వెనక ఏదో బడి వరండా. అందరి మొహాలూ ఎండకి ముడుచుకుని ఒకేలా ఉన్నాయి. నా వేలు మధ్య వరసలో చివరి పిల్ల మీదకి వెళ్ళింది. నేను పంపలేదు, అదే వెళ్ళింది. నా గొంతులోంచి అమ్మ అన్న మాట వచ్చింది, వచ్చాక నేనూ విన్నాను.

కెజియా రెండు వేళ్ళతో ఆ మొహాన్ని పెద్దది చేసింది. కుడి కనుబొమ మధ్యలో తెల్లటి సందు. ఎడమ దుద్దు కిందకి దిగి ఉంది. పెదవులు మూసి ఉన్నాయి, నవ్వు ఆపుకుంటున్నట్టు. పన్ను సంగతి నా మాట మీదే నమ్మాలి. గడ్డం నున్నగా ఉంది. ఏలూరు ట్రైనింగు స్కూల్లో అమ్మతో చదివినావిడ మనవళ్ళు కైకలూరులో ఐసు వ్యాపారం చేస్తున్నారట, వాళ్ళ ఇంటి గోడ మీద దొరికిందట. కెజియా వేసవి నుంచీ వెతుకుతూనే ఉందట. "మీరు చెప్పినవే" అంది. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది.

ఇప్పుడు ఈ మాట వినాల్సినవాళ్ళు ఎవరూ లేరు. పెద్దమ్మ లేదు, రూతక్క లేదు. ఒక్క క్షమాపణ కూడా చెప్పకుండా అందరూ దాటిపోయారు, అది నాకు అన్యాయంగానే ఉంది. నాన్నగారికి ఒక్కసారి చూపించాలని ఉంది, అయినా ఆయన చూపు పోయాక కూడా ఆయనకి ఎవరో ఒకరు కనపడ్డారు, సంతోషంగానే ఉన్నారు, పోనీ. కెజియా తెచ్చిన పటాన్ని పారేయలేదు. హాల్లో పెట్టించాను. కింద ఇత్తడి రేకు మీద సుశీలమ్మ అని పేరు చెక్కించి మేకులు కొట్టించాను. ఆ పేరు ఇక ఊడదు.

ఐసు వ్యాపారంవాళ్ళ ఫొటోలోంచి అమ్మ మొహం ఒక్కటీ పెద్దది చేయించి మంచం పక్కన పెట్టుకున్నాను. పొద్దున్నే లేచి దాని ముందు కూర్చుంటాను. కళ్ళు మూస్తాను. ఏమీ లేదు, ఆ స్టూలు మీద ఉన్న చీకటే. తెరుస్తాను. అక్కడే ఉంటుంది, కనుబొమ తెగి, నవ్వు ఆపుకుంటూ. మళ్ళీ మూస్తాను.